సెంటు కొట్టిన ప్లాస్మా గది

"మొన్న ఇంజనీర్‌ని చంపేశారు. ఇవాళ వాళ్ల గురి బాక్టీరియా మీద," అన్నాడు చీఫ్.

ఏజెంట్ చీమకు నవ్వు రాలేదు. మురుగునీటి ప్లాంట్‌లోని ఆ బాక్టీరియా చస్తే పసిపిల్లలకు ప్రాణాంతకమైన నైట్రేట్ నేరుగా రిజర్వాయర్‌లోకి పోతుంది. ఆమె అక్క పసిబిడ్డకు పాలపొడి కలిపేది ఆ నీళ్లతోనే.

"ఎలా చంపుతారు సార్?"

"ప్లాస్మా గదిలో కరెంటుతో పుట్టించే మెరుపు మురుగులోని మొండి పదార్థాన్ని, పళ్లు రాని పిల్లలకు ముద్ద మెదిపినట్టు మెదుపుతుంది. బాక్టీరియా అది తిని, నైట్రేట్‌ని ఉత్త నైట్రోజన్ గాలిగా వదిలేస్తుంది. కానీ మెరుపు వెనకాల ఓజోన్ మిగులుతుంది. రెస్ట్ ట్యాంక్‌లో నీళ్లు కాసేపు నిలవుంటే హరించుకుపోతుంది. నిలవకుండా పంపితే బాక్టీరియాకు విషమే. ప్లాంట్ ఫెయిలైతే దాన్ని నడిపే కాంట్రాక్ట్ ఆ విదేశీ ముఠాకే పోతుంది."

"లోపల మన మనిషి?"

"ప్లాస్మా కన్సల్టెంట్. ముఠాలో చేరి మనకు కబుర్లు పంపుతోంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "మనకేనని నమ్ముతున్నాం."

రబ్బరు బూట్లు, శాంపిల్ సీసాల బుట్టతో చీమ ప్లాంట్‌కి వెళ్లింది. గేటు దగ్గర ఆపరేటర్ ఆపాడు.

"సెంటు గింటు పూసుకోలేదుగా తల్లీ? ఇక్కడ ముక్కే మొదటి మీటరు. సబ్బు కూడా వాసన లేనిదే వాడతాం."

ప్లాస్మా గదంతా గులాబీ వాసన. పట్టు స్కార్ఫ్ సర్దుకుంటూ కన్సల్టెంట్ తిరిగి చూసింది.

"పిల్లలు భోంచేశారా?" చీమ కోడ్‌వర్డ్ వేసింది.

"చేసి నిద్రపోయారు."

అక్షరం పొల్లుపోలేదు. ఓజోన్ మీటరు సున్నా దగ్గరుంది. అంతా సవ్యంగా ఉండటమే చీమకు నచ్చలేదు.

"సెంటు బావుందండీ. గేటు దగ్గర ఎలా పోనిచ్చారు?"

కన్సల్టెంట్ నవ్వు ఆగింది. అంటే సెంటు ఒంటికి కాదు, లోపలికొచ్చాక గదికి కొట్టింది. ఏ వాసన దాచడానికి?

చీమ పెన్ను క్యాప్ విప్పింది. అందులోని టెస్ట్ పేపర్ గాలి తగలగానే నీలంగా మారింది. ఓజోన్! దాని ఘాటు వాసన దాచడానికే సెంటు; మీటరునేమో ముందే పాడుచేశారు. గోడ పక్క కాలువలో నీళ్లు రెస్ట్ ట్యాంక్‌ని తప్పించుకుని బాక్టీరియా ట్యాంక్ గేటు దాకా నిండిపోయాయి. గేటు మోటారు గురగుర మొదలైంది.

"కదిలావో, కాల్చేస్తా!" కన్సల్టెంట్ చేతిలో పిస్టల్.

చీమ చేతికి అందింది, వస్తూ దారిలో నింపుకున్న మురుగు శాంపిల్ సీసా. అది కన్సల్టెంట్ ముఖాన కుమ్మరించింది. తూటా సీలింగ్‌కి తగిలింది. చీమ దూకి ఎమర్జెన్సీ స్విచ్ మీద గుద్దింది. గేటు లేవబోతూ వెంట్రుకవాసిలో ఆగిపోయింది.

"ఆవిడ మీద నాకు మొదట్నుంచీ అనుమానమే," అన్నాడు చీఫ్ ఫోన్లో.

"మరి నాతో చెప్పలేదేం సార్?"

"నువ్వెవరి మనిషివో కూడా తేలాలిగా."

తేలిందో లేదో మాత్రం ఆయన చెప్పలేదు.