చుక్కమ్మ కుడి పక్క

“చుక్కమ్మా! చుక్కమ్మా! చుక్కమ్మా!”

బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. కోరంగి మడ అడవి పక్కన వేసిన షామియానాలో ఎవరూ పలకలేదు. పలకాల్సింది చేపలు పట్టుకు తినే నీటిపిల్లి మరి.

“రాదండీ,” అంది వెనక నిలబడ్డ నూకరత్నం. “పిలవగానే రావడానికి అదేమన్నా మీ పాలేరా?”

జనం గొల్లున నవ్వారు. విచారణాధికారి కళ్లజోడు సవరించుకున్నాడు. “అడవిలో కెమెరాలు చూసే అమ్మాయివి కదూ? అడిగినప్పుడు మాట్లాడు.”

ఆ కాలానికి జంతువులకు మత్తుసూది వేయడం, మెడకి పట్టీ కట్టడం మానేశారు. డాక్టర్ ఇందుమతి కనిపెట్టిన యంత్రానికి ఫోటో చూపిస్తే చాలు. మన వేలిముద్రల్లాగే ఏ నీటిపిల్లి చుక్కలు దానివే. వాటిని చదివి, ఇది ఫలానా పిల్లి అని పేరుతో సహా చెప్పేస్తుంది. పాపం, పిల్లికి ఆ సంగతే తెలియదు. ఎంత సుతారమైన పని! కానీ పేరు వచ్చాక నేరమూ వచ్చింది. ఇదివరకు ఏదో పిల్లి చేపలు తినేసిందని తిట్టుకుని ఊరుకునేవాళ్లు. ఇప్పుడు పేరున్న జంతువు మీద కేసు పెట్టొచ్చు. రుజువైతే బతికినంత కాలం బోనే. పేరు తేలని జంతువు జోలికి మాత్రం చట్టం పోదు.

చేపల చెరువుల ఆసామి చిట్టబ్బాయి లేచాడు. “నా పండుగప్పలన్నీ మేసేసిందండి. నోట్లో చేపతో దొరికిపోయింది, చూడండి!”

తెర మీద చెరువుగట్టు. దాని మీద నడుస్తున్న పిల్లి కుడి పక్క. కింద యంత్రం రాసిన పేరు చుక్కమ్మ.

ఆ పేరు పెట్టింది రత్నమే. పొద్దువాలే వేళ నీళ్లలో కాలు పెట్టి, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డ దాన్ని మొదటి ఫోటోలో చూసిన రోజు ఆమెకి అన్నం సయించలేదు.

“బోను తెప్పించండి,” అన్నాడు అధికారి.

రత్నం ముందుకొచ్చింది. “తెండి. ముందు నన్ను పెట్టండి అందులో.”

“ఏవమ్మోయ్, నీకూ చేపలెయ్యాలా?” అన్నాడు చిట్టబ్బాయి.

“మీ చెరువులు తవ్విన చోట ఇదివరకు మడచెట్లుండేవి కదండీ. ఎవరిది ఎవరు మేశారంట?”

“కోపం వద్దు రత్నం,” అంది యంత్రం పక్కనే కూర్చున్న ఇందుమతి మెల్లగా. “యంత్రం చుక్కలు చూసే చెప్పిందమ్మా.”

“తప్పు చెప్పిందండి. చుక్కమ్మ తిరిగే కాలవ దగ్గర ఉన్నది ఒకటే కెమెరా. దానికి ఎప్పుడూ ఎడమ పక్కే పడేది.”

ఇందుమతి గబుక్కున లేచింది. అధికారి వైపు తిరిగింది. “పిల్లికి రెండు పక్కలా చుక్కలు ఒకేలా ఉండవండి. అందుకే ఎదురెదురుగా రెండు కెమెరాలు పెడతాం. ఒకటే ఉంటే రెండో పక్క ఏదో యంత్రానికి తెలీదు, ఎవరో ఒకరు జత చేస్తే తప్ప.” మళ్లీ రత్నం వైపు తిరిగింది. “రత్నం, చుక్కమ్మకి కుడి పక్క ఎవరు పెట్టారు?”

చెబితే ఉద్యోగం ఊడుతుంది. కెమెరాల తెర ముందు మళ్లీ కూర్చోనివ్వరు. చుక్కమ్మ ఇక కంటబడదు. రత్నం తల దించలేదు. చిట్టబ్బాయి కళ్లలోకే చూస్తూ అంది.

“నేనేనండి. పక్క కాలవ కెమెరాలో పడ్డ ఏదో పిల్లి కుడి పక్క తెచ్చి అతికించాను. అదెవరో నాకూ తెలీదు, మీ యంత్రానికీ తెలీదు. రోజూ సగం చుక్కమ్మనే చూస్తూ ఉండలేకపోయానండి.”