మూలుగుల గుంత

నల్లగండ్ల దాటి తెల్లాపూర్ దిక్కు పోతుంటే ఎడమ పక్కకు పచ్చరేకులు కట్టిన గుంత ఒకటుంటది. అపార్ట్‌మెంటు సెల్లారు కోసం తవ్వుతున్న గుంత. చుట్టూ అద్దాల బిల్డింగులు, రాత్రంత లైట్లు... ఆ గుంతల మాత్రం చీకటి. పొద్దు గూకినంక అందులకు దిగెటోడు లేడు. దిగినోడు ఎనక్కి చూడకుంట ఉరికొస్తడు. నేను విన్నది విన్నట్టు చెప్తున్న, నమ్ముతరో లేదో మీ ఇష్టం.

పోయినేడు ఆ గుంతల రామచంద్రం అనే మనిషి బండకింద పడ్డడు. రాయికి డ్రిల్లుతోని బెజ్జాలు కొట్టెటోడు. పైనుంచి చరియ ఇరిగి మీదికొచ్చింది. గుంత తవ్వే ప్రొక్లెయినర్ బండితోని బండ లేపి బయటికి తీసిండ్రు గని, దవాఖాన దాకా పాణం నిలవలేదు. ఆ ప్రొక్లెయినరే ఇప్పటికీ అక్కడ తవ్వుతున్నది. అప్పటి సంది పొద్దుగూకి ఇంజను బంద్ చేస్తే చాలు — బండి లోపల్నుంచి మూలుగు. గుయ్... మని, నడుమ నడుమ గుటకలేసినట్టు. జరసేపు మూలిగి ఊకుంటది.

బండి నడిపే శివశంకర్ తాళంచెవి తిప్పుడే ఆలస్యం, చెప్పులు చేతవట్టుకోని పైకి ఉరుకుడు.

దెయ్యంతోని ఎవరికీ పంచాయితీ లేదు. గని బండి పనిచెయ్యాలె గద. అది చేస్తలేదు. సోమవారం వచ్చిందంటే ఎర్రలైటు, బండి దమ్ము పోయి బకెట్ లేపలేక చతికిలబడుడు. తప్పు చూపెట్టేది ఒక్కటే — యూరియా పంపు. ఇప్పటి బండ్లకు డీజిల్ పొగలున్న విషాన్ని ఇరగ్గొట్టనీకి నీలిమూత ట్యాంకుల యూరియా నీళ్లు పోస్తరు. పంపు దాన్ని పొగగొట్టంలకు కొడ్తది. కొట్టకుంటే ఇంజను దానంతటదే సగం సచ్చిపోతది. రూలు అట్లున్నది, ఏం చేస్తం.

దాన్ని బాగుచేసెటోడు ఇశ్రాయేలు. గుంటూరు దిక్కు మనిషి, మియాపూర్‌ల కిరాయికుంటడు, సర్వీసు కంపెనీల మెకానిక్. పనిల గట్టోడే. గని ఈ బండి ఆయన్ను పిచ్చోణ్ణి చేసి పెట్టింది. వైర్లు చూసిండు, బాగున్నయి. కరెంటు కొలిచిండు, బాగున్నది. ఫిల్టర్ ఇప్పితే లోపల తెల్లటి జిగురు, పాలమీగడ లెక్క. కడిగి పెట్టిండు. మళ్ల సోమవారం మళ్ల జిగురు. పంపు మార్చిండు. కొత్తది గూడ కూసున్నది. ఇంకోటి మార్చిండు, అదీ అంతే. ఆఖరికి ఆయన పై ఆఫీసర్ వేణు ఫోన్ల సల్లగ చెప్పిండు.

"మూడోది పంపిస్తున్న, ఇశ్రాయేలు. ఇది గూడ పోతే నాలుగోది అడగకు. టూల్ బ్యాగు అప్పజెప్పి ఇంటికి పో."

ఆ రాత్రి భార్య కృపమ్మ "అన్నానికి రండి" అన్నందుకు కసురుకున్నడు. ఆమె ఏం పాపం చేసింది చెప్పుండ్రి. కోపం పంపు మీద, పడేది ఇంట్లోళ్ల మీద.

శనివారం మూడో పంపు బిగించి, శివశంకర్‌ను పక్కకు పిలిచిండు.

"నిజం చెప్పవయ్యా. యూరియా బయట అమ్మేసి నీళ్లు కలుపుతున్నావు కదూ?"

"నా పిల్లల మీద ఒట్టు సార్. గిది యూరియా పని కాదు... రామచంద్రం అన్న పని. రోజు మూలుగుతడు."

"అది పంపయ్యా బాబూ. తాళం తీశాక పైపుల్లో మిగిలిన యూరియాని వెనక్కి లాక్కుంటుంది. లేకపోతే అది ఎండి ఉప్పులా గడ్డకడుతుంది. ఆ చప్పుడే నువ్వు వినేది. రామచంద్రం లేడు, నీ బొందా లేదు."

శివశంకర్ గొంతు తగ్గించిండు. "సోమవారమే ఎందుకు పడుతున్నది సార్ బండి? ఒక్క ఆదివారం పొద్దుగూకినంక ఉండి చూడుండ్రి."

ఉంటానని చెప్పలేదు గని, ఇశ్రాయేలు ఉన్నడు. నీళ్లు కలిపే చెయ్యి అక్కడికక్కడ పట్టుకుందామని. మర్నాడు ఎవరికీ చెప్పకుంట గుంతలకు దిగి, మూలకున్న కంప్రెసర్ ఎనక కూసున్నడు. దోమలు పీక్కతింటున్నయి. ఆదివారం పూట చర్చికి పోయొచ్చి ఇంట్ల పిల్లలతోని ఉండాల్సినోడు, దొంగ లెక్క రాళ్ల సందుల... అన్ని తిట్లు పంపుకే తిట్టుకున్నడు.

పొద్దుగూకింది. శివశంకర్ ఇంజను బంద్ చేసిండు. దిగుడు, ఉరుకుడు. ట్యాంకు దిక్కు తల తిప్పి గూడ చూడలేదు.

ఇశ్రాయేలుకు నీరసం వచ్చింది. దొంగ వీడు కాదు. మరెవరు?

మూలుగు షురువైంది.

గుయ్... గుయ్...

పంపే, అనుకున్నడు. తన చేతుల్తోని బిగించిన పంపు. దానికి భయమెందుకు?

అప్పుడు — ఇంకో మూలుగు వినబడ్డది.

బండికి పంపు ఒక్కటే ఉంటది. మూలుగులు రెండు. ఒకటి ఆగితే ఇంకోటి అందుకుంటున్నది... మాటకు మాట చెప్పినట్టు. ఇశ్రాయేలు పానా చేతవట్టుకున్నడు. మెల్లగ తల తిప్పి చూసిండు. ర్యాంపు మీది నుంచి తెల్లగ ఏదో దిగుతున్నది. ఊగుకుంట... ఆగుకుంట... కాళ్లు నేలకు ఆనుతున్నయో లేదో కనిపిస్తలేదు. ఇశ్రాయేలు నోట్లె నోట్లె ప్రార్థన మొదలువెట్టి, సగంల మర్చిపోయి, మళ్ల మొదట్నుంచి అందుకున్నడు.

అది బండి కాడికి వచ్చింది. బండి కింది ఇనుప పట్టాను ఒకసారి నిమిరింది. నీలిమూత మీద చెయ్యి వెట్టి తిప్పింది...

మూత కదలంగనే భయం ఎటు పోయిందో పోయింది. ఆఖరి పంపు అది. ఒక్క ఉరుకుల పోయి ఆ చెయ్యి పట్టుకున్నడు. సన్నటి చెయ్యి. వెచ్చగున్నది.

"కొట్టకు బిడ్డా," అన్నది తెల్లచీర. "కొంచెమే పోస్త."

యాదమ్మ. గుంత గట్టు మీద రేకుల షెడ్డుల ఉండి సైటుకు కావలి కాస్తది. రామచంద్రం పెండ్లాం. కాళ్ల నొప్పులకు మూలుక్కుంట దిగింది, రెండో మూలుగు ఆమెదే. చేతుల చెంబు, చెంబుల నురుగు... కల్లు. ఇశ్రాయేలు పుట్టి బుద్ధెరిగి కల్లు ముట్టినోడు కాదు. ముట్టి ఉంటే ఆ జిగురు సంగతి ఎన్నడో పసిగట్టెటోడు.

"దీంట్లో ఎందుకు పోస్తున్నావమ్మా?" అడిగిండు, చెయ్యి ఇడవకుంట.

"దప్పికైతుందట బిడ్డా ఆయనకు. ఆ దినం బండ కింది నుంచి తీసినంక గూడ గిట్లనే మూలిగిండు. నీళ్లు, నీళ్లు అన్నడు. ఇయ్యొద్దు, దవాఖానకు తీస్కపోతున్నం అన్నరు అందరు. చెంబు పట్టుకోనే నిలబడ్డ. ఇయ్యలే." యాదమ్మ బండిని చూసింది. "గీ బండే లేపింది ఆయన్ను. గందుకే దీంట్ల చేరిండు. రోజు తేవాలంటే నాతోని కాదు. ఆదివారం ఆయన కల్లు తాగే దినం. ఇంత పోస్తే ఊకుంటడు."

ఊకుంటడు గద మరి. ఆమె పోసి మూత పెట్టేసరికి పంపు పని ఒడుస్తది.

ఇశ్రాయేలు పట్టా మీద కూసున్నడు. ఇన్ని దినాల పరేషాన్, కృపమ్మ కండ్ల నీళ్లు, పోబోయే నౌకరీ... అన్నీ ఈ చెంబెడు కల్లుకు. ఇగ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలె? ఓపిగ్గ అంతా చెప్పిండు. అది పంపు చప్పుడని, బండి కొన్నప్పటి సంది ఉన్నదేనని, ఆయన పోయినంకనే మీ చెవులకు వినబడుతున్నదని.

ఆమె అంతా విన్నది. అప్పటికి మూలుగు ఆగింది. చెంబుల కల్లు అట్లనే ఉన్నది.

"పొయ్యకుంటనే ఊకున్నడు," అన్నది. "గది పంపైతే... మా ఆయన ఏడికి పోయినట్టు బిడ్డా?"

ఇశ్రాయేలు నీలిమూత మళ్ల బిగించిండు.

సోమవారం బండి మొరాయించలేదు. వేణు ఫోన్ చేసి తప్పేందని అడిగిండు. యాదమ్మ పేరు చెప్తే పొద్దుగాలకల్ల ఆమె షెడ్డు పీకిస్తరు. "మూతకి తాళం లేదు సార్, ఏదేదో పడుతోంది. వేసేశాను," అన్నడు ఇశ్రాయేలు. నౌకరీ నిలవడ్డది.

కథ ఇక్కడికి ఒడువాలె. గని మళ్ల ఆదివారం ఎవరూ పిలువకుంటనే ఆయన గుంతకు వచ్చిండు. శివశంకర్ ఉరికినంక, కల్లుచెంబు పట్టించి యాదమ్మను ఎంటవెట్టుకోని కిందికి దిగిండు. మూలుగు అప్పుడే షురువైతున్నది.

"ఆయన పడ్డ చోటు ఏదమ్మా?"

ఆమె చూపెట్టింది. పట్టా పక్కన నల్లటి రాయి.

"అక్కడ పొయ్యి."

మైసమ్మ తల్లికి మొక్కి కల్లుసాక పోసినట్టు యాదమ్మ ఆ రాయి మీద ధార పట్టింది. మొదటి చుక్క రాయికి తాకిందో లేదో — మూలుగు టక్కున ఆగింది.

ఆ పంపు ఎంతసేపు మోగాల్నో ఇశ్రాయేలుకు బాగ ఎరుక. ఇంకా చానసేపు మోగాలె.

"తాగిండు," అన్నది యాదమ్మ.

"తాగాడమ్మా," అన్నడు ఇశ్రాయేలు. ఖాళీ చెంబు తన చేతికి తీసుకోని, ఇంకో చేత్తో ఆమెను పట్టుకోని మెల్లగ ర్యాంపు ఎక్కిచ్చిండు. ఆమె రెండు మూడుసార్లు ఆగి చూసుకున్నది. ఆయన మాత్రం ఒక్కసారి గూడ ఎనక్కి చూడలేదు.