ఏడో తొమ్మిది

తలుపు కొట్టకుండానే డిటెక్టివ్ గదిలోకి దూసుకొచ్చిందామె. చేతిలో నలిగిన చిన్న పుస్తకం.

"నాలుగింటికి నా ఉద్యోగం పోతుంది సార్! ఇప్పుడు రెండు!"

ఆమె లెక్కల టీచరు. తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్యల్లో అన్నిటికన్నా పెద్దది 999999937 అని చేత్తో లెక్కగట్టి నిరూపించి, పుస్తకం వేయించింది. అచ్చులో మాత్రం 999999637 అని పడింది. తోటి మాస్టారు ఊరుకుంటాడా? అది ఏడుతో నిశ్శేషంగా పోతుందని హెడ్మాస్టరుకి ఫిర్యాదు చేశాడు. తప్పు తనది కాదని నాలుగింటిలోగా ఆమె చూపించాలి.

డిటెక్టివ్ అసిస్టెంటు, అందరూ 'పెన్సిల్' అని పిలిచే కుర్రాడు, గబగబా భాగించి చూశాడు. నిజంగానే పోయింది!

"మీ రాతప్రతి ఉందా?" అన్నాడు డిటెక్టివ్.

"అచ్చయ్యాక చింపేశారు సార్. కానీ ప్రూఫు నేనే దిద్దాను, సరిగ్గానే ఉంది. ప్రెస్సులో మెషీను నడిపేది కూడా మా తమ్ముడే!"

ముగ్గురూ ప్రెస్సుకి వెళ్ళినా, సీసపు అక్షరాలు పేర్చే తాత పనిలోంచి తలెత్తలేదు.

"ఈ సైజు తొమ్మిదులు ఎన్నున్నాయి తాతా?" అడిగాడు డిటెక్టివ్.

"ఆరే బాబూ. కరువు."

"ఆ మాస్టారు ఇక్కడికొచ్చాడా?"

"గడప కూడా తొక్కలేదు. అయినా మా దగ్గర తప్పు దొర్లదయ్యా! ప్రతి సీసపు అక్షరానికీ ఒంటి మీద ఒకే వైపు గాటుంటుంది. ఒక్క గాటు అటు తిరిగినా ఈ కుర్రాడి కంట పడాల్సిందే."

కుర్రాడు, అంటే టీచరు తమ్ముడు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి.

మూడున్నరకి డిటెక్టివ్ హెడ్మాస్టరునీ, మాస్టారినీ అక్కడికే రప్పించాడు.

"పుస్తకంలో ఈ సంఖ్య కిందే 'అంకెల మొత్తం 73' అని ఉంది. పైన అచ్చయిన అంకెలు కూడండి."

పెన్సిల్ నోటితోనే కూడేశాడు. "డెబ్బై! మూడు తగ్గింది సార్!"

"తొమ్మిది ఆరయింది కాబట్టి. టీచరు రాసింది సరైనదే."

"అయితే మార్చింది నేనా?" మాస్టారు కయ్యిమన్నాడు.

"మీరు గడప తొక్కలేదుగా. సంఖ్యలో తొమ్మిదులు ఏడు, తాత దగ్గరున్నవి ఆరు. ఏడోదానికి 6 అంకెని తలకిందులు చేసి పెట్టాడు తాత. ప్రూఫులో అది తొమ్మిదే. కానీ దాని గాటు అటు తిరిగి ఉంటుంది. ప్రూఫు తర్వాత అది ఎవరి కంట పడింది?"

అందరూ తమ్ముడి వైపు తిరిగారు.

"అక్కా... నీ పుస్తకంలో తప్పు దొర్లకూడదనే తిప్పాను. ఫిర్యాదు సంగతి విన్నాక నోరు పెగల్లేదు."

"రెండ్రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావు కదరా, వెధవా!" అని అక్క కసిరింది.

ఆ పేజీకి పేర్చిన అక్షరాలు ఇంకా విప్పలేదు. తమ్ముడు ఏడో అంకెని మళ్ళీ తలకిందులు చేసి ఒక కాగితం మీద అచ్చు తీశాడు. తడి ఆరని 999999937.

పెన్సిల్ తన పెన్సిల్ని మాస్టారి చేతిలో పెట్టాడు. "కానివ్వండి మాస్టారూ, ఏడుతో!"

మాస్టారు భాగించాడు. మళ్ళీ భాగించాడు.

"ఎంత మిగిలింది?" హెడ్మాస్టరు అడిగాడు.

"ఆరు," అని గొణిగాడు.

హెడ్మాస్టరు జేబులోంచి ఫిర్యాదు తీసి, నాలుగు ముక్కలు చేశాడు. "రేపు మొదటి పీరియడ్ మీదే టీచరుగారూ. ఆలస్యం చేయకండి."