నీలిమందు కలిపిన మంచు

“ఈ బొమ్మ వేసిందెవరమ్మా?” అని అడిగాడు ఫ్రేముల దుకాణం ఆయన.

అంతే! అమ్మాయి అటూ ఇటూ చూసింది. పక్కనే అమ్మ నిలబడి ఉంది... డ్యూటీ మధ్యలో గంట పర్మిషన్ అడుక్కుని, లాండ్రీలో వేసుకునే తడి ఏప్రనుతోనే వచ్చేసింది! కౌంటరు వెనక ఆయన కూతురు, తన క్లాస్‌మేటు, చెంపకి చెయ్యి ఆనించుకుని చూస్తోంది. టీచర్ ట్రైనింగు కాలేజీలో ఆ పిల్లకి రెండేళ్ళుగా చెబుతున్న మాట ఒకటే: “మా అమ్మ హోటల్లో మేనేజరు.” ఈవిడే మా అమ్మ, అదే హోటల్లో దుప్పట్లు ఉతుకుతుందని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

“తెలియదండీ... పాత సామాన్లలో దొరికింది,” అనేసింది.

అయ్యో, ఎంత మాట! నాన్న చనిపోయిన ఏడాది చలికాలమంతా, ఆదివారం ఆదివారం వంటింటి బల్ల మీద కాగితం పరుచుకుని అమ్మ వేసిన బొమ్మ కదా అది! బొమ్మలో ఏటి మీద గడ్డకట్టిన మంచు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి కదులుతోంది. చూరు నుంచి బొట్లు బొట్లుగా నీళ్ళు కారుతున్నాయి. కరిగిన చోటల్లా నల్లమట్టి తొంగి చూస్తోంది. “ఈ చలి మాత్రం ఎన్నాళ్ళుంటుందిలే,” అనుకుంటూ వేసింది ఆ ఇల్లాలు. మంచు నీడలకి నీలం రంగు అయిపోతే, మళ్ళీ కొనడం దండగని, బట్టలకి పెట్టే నీలిమందు కలిపేసింది. “అమ్మా, బొమ్మని కూడా ఉతికేస్తున్నావా!” అని ఆ రోజు పడీ పడీ నవ్వింది కూడా ఈ అమ్మాయే! ఇప్పుడు చివరి ఏడాది ఫీజు కట్టాలనగానే, అమ్ముదామని తనే దాన్ని గోడ మీంచి దించింది. “గోడకి వేలాడి అదేం చేస్తుందే? నీ చదువుకైనా పనికిరానీ,” అంది.

అమ్మ ఒక్క క్షణం కూతురి వైపు చూసింది. ఏప్రను అంచుకి చేతులు తుడుచుకుంది.

“అవును బాబూ... ఎవరో తెలియదు.”

ఆయన బొమ్మని గుమ్మం దగ్గరికి, వెలుతురులోకి తీసుకెళ్ళాడు. “అబ్బ! ఏం పనితనమండీ ఇది! ముప్ఫై ఏళ్ళుగా బొమ్మలకి ఫ్రేములు కడుతున్నాను, మంచు నీడలో ఇలాంటి నీలం ఎక్కడా చూడలేదు. ఇది వేసిన మనిషి మామూలు మనిషి కాదు!”

“ఎంత బాగుందే!” అంది క్లాస్‌మేటు, కౌంటరు ఇవతలికి వచ్చేసి.

అమ్మాయి ఇక ఉండబట్టలేకపోయింది. “మా అమ్మండీ! మా అమ్మే వేసింది! అది నీలిమందండీ!”

ఆయన గబగబా కుర్చీ జరిపాడు. అమ్మ కూర్చోలేదు. “డ్యూటీకి టైమైపోతోంది బాబూ,” అంది. బొమ్మకి ఆయన ఇచ్చిన డబ్బు మడత విప్పకుండానే కూతురి చేతిలో పెట్టి వీధిలోకి నడిచింది.

అమ్మాయి వెనకే పరుగెత్తింది. “అమ్మా... చెప్పాను కదమ్మా!”

“చెప్పావులే. వాళ్ళు బాగుందన్నాక గుర్తొచ్చానా తల్లీ?”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది! నడిరోడ్డు మీద అమ్మాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అమ్మ అన్నది నిజమే కదా మరి!

మర్నాడు భోజనాల వేళ, అమ్మాయి క్లాస్‌మేటు చెయ్యి పట్టుకుని హోటల్ వెనక గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. లోపలంతా ఆవిరి, సబ్బు వాసన, మెషీన్ల రొద. మొహాలే కనబడటం లేదు.

“అమ్మా!” అని గట్టిగా పిలిచింది.

పనిచేస్తున్న ఆడవాళ్ళందరూ తలలు తిప్పారు. వాళ్ళలో ఒకావిడ, మోచేతుల దాకా నురగతో, దుప్పటి పిండుతూ పిండుతూ ఆగిపోయింది.

“మా అమ్మ,” అంది అమ్మాయి స్నేహితురాలితో. “మేనేజరు కాదు... నేను అబద్ధం చెప్పాను. ఇక్కడ దుప్పట్లు ఉతుకుతుంది.”

బొమ్మ ఊసే ఎత్తలేదు.

అమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. నురగ చేతులతో తుడుచుకోలేక, మొహం భుజానికి రాసుకుంది.

“నేలంతా తడిగా ఉంది... జారతారు, చూసుకుని రండమ్మా,” అంది.