కాలితాడు

మూడు నెలలు బతిమాలి, కుట్టు మిషన్ ముందు నుంచి అక్కను లేపి దీవికి తీసుకొస్తే, సముద్రం చెరువులా పడుకుంది. ఒక్క అల లేదు. సర్ఫింగ్ పలక మీద బోర్లా పడి మధ్యాహ్నం దాకా ఎండకి వేగాను. వీడియోలు చూసి, మోకాళ్ళు చెక్కించుకుని నేర్చిన విద్య. అక్కకు ఒక్కసారి చూపిద్దామంటే ఇదీ నా రాత!

అక్క మాత్రం ఆటుకి బయటపడ్డ రాళ్ళ గుంటల్లో పీతలతో కాపురం పెట్టింది.

"రావే, ఎంత ముద్దుగా ఉన్నాయో!"

"నా మొహం కంటేనా?"

"నీకంటే నయం. ఇవి సణగవు."

చీకటి పడకముందే పడవ వస్తుంది. పోటొస్తే గుంటలు మునుగుతాయని పడవతను మరీ మరీ చెప్పాడు. వింటేగా! అక్క చివరి గుంటలో నడుం లోతుకు దిగింది. కుళ్ళిన నాచు వాసన. ఒళ్ళు మండి, పలకను నా కాలికి కట్టి ఉంచే కాలితాడు ఊడదీసి, దాని పట్టీ అక్క మణికట్టుకు బిగించాను. రెండో కొస నా చేతిలో.

"ఐదు నిమిషాలే. తర్వాత ఈడ్చేస్తా."

సముద్రం వైపు తిరిగాను. పలక ఎక్కడుందో కాలితాడే చెబుతుంది, చూడక్కర్లేదు. నాకదే అలవాటు. అక్క విషయంలోనూ అదే చేశాను.

అప్పుడు లేచింది, దూరంగా ఒకే ఒక్క అల. నోరు తెరుచుకుని చూశాను. ఒడ్డుకి రాకుండానే అణిగిపోయింది.

వెనక గుంట గుటక వేసింది.

అక్క లేదు... తాడు నిట్టనిలువుగా లోపలికి దిగి ఉంది.

"అక్కా!"

లాగాను. బరువు. ఇంకా లాగాను... ఒక్కసారిగా వదులైంది. అక్క పైకొచ్చింది. దగ్గలేదు. ఆయాసపడలేదు.

"పద," అంది.

పడవలో తిడుతూనే ఉన్నాను. "నా ప్రాణం పోయిందే! మొద్దుదానా, మాట్లాడవేం?"

అక్క చెయ్యి నా ఒళ్ళోకి లాక్కున్నాను. పట్టీ విప్పబోయాను. ఉబ్బిన చర్మంలో కూరుకుపోయింది. నేను వదిలేసిన తాడు రెండో కొస పడవ అంచు మీదుగా నీళ్ళలో వేలాడుతోంది.

అది బిగుసుకుంది.

కింది నుంచి ఎవరో లాగుతున్నారు. ఆగి... మళ్ళీ... ఆత్రంగా. పడవ ఒరిగింది.

"కొయ్యమ్మా, మునిగిపోతాం!" పడవతను కత్తి విసిరాడు.

అక్క నా చెవి దగ్గరకు వంగింది. ఊపిరి తగల్లేదు.

"కోసెయ్."

కోసేశాను.

తెగిన తాడు మునగలేదు. జానెడు, జానెడు... మిషన్ ముందు అక్క దారం చేతికి చుట్టుకున్నట్టే, రాళ్ళ వైపే పోయింది.