మెట్ల దగ్గరి డబ్బా

"మీ ప్రోగ్రామ్ మా సర్వర్‌ని నిమిషానికి ఆరుసార్లు పలకరిస్తోంది. దయచేసి ఆపండి."

రూటర్ కంపెనీ ఇంజనీరు నుంచి అతనికి వచ్చిన మొదటి మెయిల్ అది.

"ఎన్నిసార్లయితే మీకు ఇబ్బంది ఉండదు?" అని అతను మర్యాదగా అడిగాడు.

"ఒక్కసారి కూడా వద్దు," అని ఆమె అంతకంటే మర్యాదగా జవాబిచ్చింది.

ఆ ప్రోగ్రామ్ అతను రాసింది వాళ్లమ్మ కోసం. ఆవిడ వెనకగదిలో కూర్చుని పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. ఇంట్లో మెష్ రూటర్ డబ్బాలు మూడు. హాల్లోది మెట్ల దగ్గరి డబ్బాకి, అది వెనకగది డబ్బాకి సిగ్నల్ అందించాలి. రోజూ సాయంత్రం క్లాసు మధ్యలో నెట్ పోయేది. అప్పటికే నలుగురు పిల్లలు వేరే టీచర్‌ని చూసుకున్నారు. కంపెనీ యాప్ మాత్రం "అంతా బాగుంది" అనేది.

ఆ యాప్ సర్వర్‌తో ఎలా మాట్లాడుతుందో గమనించి, అలాగే మాట్లాడే ప్రోగ్రామ్, అంటే క్లయింట్, ఒకటి పైథాన్ భాషలో రాశాడు. ఏ డబ్బా ఎప్పుడు పలికిందో, ఎప్పుడు పలకలేదో అది రాసి పెడుతుంది. పదిమందికీ పనికొస్తుందని ఉచితంగా నెట్‌లో పెట్టాడు. కంపెనీని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు.

నిమిషానికి ఒకసారికి తగ్గించాడు. ఆమె మళ్లీ రాసింది.

"థాంక్స్. మీ కోడ్‌లో నలభయ్యో లైను తప్పు. చెప్పడం నా డ్యూటీ కాదు."

"మరెందుకు చెప్పారు?"

"చూస్తూ ఊరుకోలేక."

రెండు నెలలు ఇలాగే గడిచాయి. అతను పొద్దున్నే మొహం కడుక్కోకముందే మెయిల్ చూడటం అలవాటు చేసుకున్నాడు.

ఒకరోజు వచ్చిన మెయిల్ వేరుగా ఉంది. "నెలాఖరుకి బయటివాళ్ల క్లయింట్లన్నీ బ్లాక్ చేస్తున్నాం. ఆ పని నాకే అప్పజెప్పారు."

అతను వాదించలేదు. రెండు నెలల గ్రాఫ్ పంపాడు. రోజూ నాలుగుంపావుకి మెట్ల దగ్గరి డబ్బా మాయమవుతోంది. నలభై నిమిషాలకు తిరిగొస్తోంది. "ఆ నలభై నిమిషాలూ మీ యాప్ అంతా బాగుందనే అంటోంది," అని కింద రాశాడు.

మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి, కస్టమర్ రికార్డుల్లో అడ్రసు చూసుకుని, ఆమె మెడలో కంపెనీ ఐడీ కార్డుతో గుమ్మంలో నిలబడింది.

"ఆ డబ్బా చూడాలి."

అతను ఊహించుకున్న ముఖం అది కాదు. ఏం ఊహించుకున్నాడో మాత్రం వెంటనే మర్చిపోయాడు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. నాలుగుంపావుకి అతని నాన్న వచ్చి, డబ్బా ప్లగ్గు పీకి, హీటింగ్ ప్యాడ్ ప్లగ్గు పెట్టి, పక్కనున్న పడక్కుర్చీలో వాలాక ఆమెను చూశాడు.

"నడుంనొప్పమ్మా," అన్నాడు.

"రోజూనా అంకుల్?"

"నలభై నిమిషాలు పెట్టుకోమన్నాడు డాక్టరు."

వెనకగదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఒరేయ్, మళ్లీ పోయిందిరా."

అతను వెళ్లి ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చాడు. ఈలోగా ఆమె మేనేజర్‌కి ఫోన్ చేసింది.

"సార్, ఇక్కడ డబ్బా ప్లగ్గే పీకేసి ఉంది. మన యాప్ బాగుందంటోంది. ఇది పట్టుకుంది మనం బ్లాక్ చేయబోయే ప్రోగ్రామే. నేనైతే బ్లాక్ చేయను సార్." చాలాసేపు విని, "సరే సార్," అని పెట్టేసింది.

"ఏమన్నారు?"

"మా యాప్ సరిచేసేదాకా మీది ఉండనిమ్మన్నారు."

"సరిచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"నేనే చేయాలి. తొందరేం లేదు."

అతను డబ్బా ప్లగ్గు ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టాడు. "ఒకటి చెప్పాలండి. కోడ్‌లో మూడు తప్పులు కావాలనే వదిలేశాను."

"ఎందుకు?"

"మీరు రాయడం మానేస్తారేమోనని."

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"రెండు నాకు తెలుసు. ఒకేసారి చెప్తే అయిపోతాయని చెప్పలేదు. మూడోదేది?"

అతను లాప్‌టాప్ తెరిచాడు. ఆమె ఒక మెట్టు దిగి పక్కన కూర్చుంది.

క్లాసు ఆ రోజు చివరిదాకా సాగింది. అమ్మ బయటికొచ్చి, మెట్ల మీద ఒకే లాప్‌టాప్‌లోకి తలలు పెట్టిన ఇద్దరినీ చూసి, నాన్నని మెల్లగా అడిగింది.

"ఎవరండీ?"

"రూటర్ కంపెనీ అమ్మాయి."

"రిపేరు ఇంకా ఎంతసేపు పడుతుందట?"

"రిపేరు ఎప్పుడో అయిపోయింది," అన్నాడు నాన్న.