అన్నిటికీ లేదని రాసిన కాగితం

పొద్దున్నే ధవళేశ్వరం రేవుకి చేపలొచ్చే వేళకి పెద్దింట్లమ్మ గంప కడుక్కుని బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కూతురు వీరదుర్గ మాత్రం చాప మీద ముడుచుకుని పడుకుని, బడిలో ఇచ్చిన కాగితం చదువుతోంది. హైస్కూల్లో ఆడపిల్లలందరికీ ఇచ్చారది. నెలసరిలో నొప్పి వస్తుందా, అన్నం సహించకుండా ఉంటుందా, నిద్ర పట్టకుండా ఉంటుందా, బడి మానేస్తున్నావా, అన్నీ ప్రశ్నలే.

“అన్నిటికీ లేదని రాసెయ్యవే,” అంది తల్లి.

“అబద్ధం కదమ్మా!”

“నిజం రాస్తే హెడ్మాస్టరు చూస్తాడు, మీ నాన్న చెవిన పడుద్ది. ఇంకోసారి నాగా పెడితే టెన్త్ మాన్పించి చేపల బజార్లో కూర్చోబెడతానన్నాడు. మర్చిపోయావా?”

వీరదుర్గ మర్చిపోలేదు. పబ్లిక్ పరీక్షలకి రెండు నెలలే ఉన్నాయి. నొప్పిని పళ్లబిగువున ఆపుకుంటూ అన్నిటికీ లేదని రాసింది.

నాలుగోరోజు సాయంత్రం, బడిలో ఆ కాగితాలు పంచిన సర్కారు ఆసుపత్రి నర్సమ్మ ఇంటికొచ్చింది. తండ్రి బుల్లియ్య అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు, తల్లీకూతుళ్లు గుమ్మంలో ఉన్నారు.

“మీ అమ్మాయి నెలనెలా మూడేసి రోజులు బడికి రావట్లేదండి. కాగితంలో చూస్తే ఏ బాధా లేదని రాసింది. ఏది నిజమండి?”

“బాధేంటండీ, బద్ధకం! వాళ్లమ్మని ఇరవయ్యేళ్లుగా చూస్తున్నాను. ఒక్కరోజు గంప దించలేదు,” అన్నాడు బుల్లియ్య.

వీరదుర్గకి ఏడుపు తన్నుకొచ్చింది. “బద్ధకం కాదు నాన్నా! అమ్మే అలా రాయమంది!”

రేవులో పెద్దింట్లమ్మతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. అంతటి మనిషీ కూతురి మాటకి తల దించుకుంది. తర్వాత మొగుడి మీదికి తిరిగింది.

“ఇరవయ్యేళ్లుగా ఏం చూశావయ్యా నువ్వు? ఆ మూడు రోజులూ వల ముట్టకూడదంటారు, గంపెత్తకూడదంటారు. చెప్పి మూల కూర్చుంటే ఇల్లు గడుస్తుందా? అందుకే నీకూ, మీ అమ్మకీ తెలీకుండా గంపెత్తాను. రాజమండ్రి బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయిన రోజు కూడా ఎండదెబ్బనే చెప్పాను.”

బుల్లియ్య చేతిలో పని ఆగిపోయింది.

అప్పటిదాకా ఓర్చుకోవడమే గొప్పనుకుంది పెద్దింట్లమ్మ. తను ఇన్నాళ్లూ ఆడిన అబద్ధాన్నే పిల్ల చేత కూడా ఆడించానని తెలిసొచ్చేసరికి ఆమె కళ్లు నిండిపోయాయి.

“ఇంత నొప్పి భరించక్కర్లేదమ్మా. డాక్టరమ్మ చూస్తారు, మందులున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు,” అంటూ నర్సమ్మ ఇంకో కాగితం తీసింది.

ఆడవాళ్ల విషయంలో తానెందుకని బుల్లియ్య లేవబోయాడు.

“కూర్చో,” అంది పెద్దింట్లమ్మ. “నువ్వూ వినాలి. నర్సమ్మగారూ, మొదట్నుంచీ అడగండి. పిల్లే చెబుతుంది.”

బుల్లియ్య కూర్చున్నాడు.

“నొప్పి వస్తుందా అమ్మా?”

వీరదుర్గ బెదురుగా తండ్రి వైపు చూసింది.

“చెప్పమ్మా,” అన్నాడాయన మెల్లగా.

“వస్తుందండి. చాలా. నిలబడలేనండి.”

ఒక్కొక్కటే చెబుతుంటే నర్సమ్మ రాసుకుంటూ పోయింది. ఎక్కడా లేదన్న మాట రాలేదు. అంతా అయ్యేసరికి బుల్లియ్య గొంతు సవరించుకున్నాడు.

“పరీక్షల నాటికి తగ్గుద్దా అండి?” అని అడిగాడు.

పెద్దింట్లమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా బావురుమంది.